జానెడు గాలి

ఫైటర్ చేపల్ని మొదటిసారి ఇంట్లో బ్రీడింగ్ చేద్దామనుకునేవాళ్ళు నీళ్ళ గురించి చాలా అడుగుతారు. ఎంత వెచ్చగా ఉండాలి, ఎంత లోతు పోయాలి, ఎన్నాళ్ళకు మార్చాలి అని. అడగాల్సిందే. ఆ నీళ్ళ పైన మిగిలే గాలి గురించి మాత్రం ఎవరూ అడగరు. కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక విల్లా వెనక, డ్రైవరు గదిలో ఈ పని మొదటినుంచీ దగ్గరుండి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదే: ఈ చేప బతుకంతా నీటికీ గాలికీ మధ్యనుండే పల్చటి పొర దగ్గరే నడుస్తుంది. గూడు కట్టేది అక్కడ. గుడ్లు దాచేది అక్కడ. పుట్టిన పిల్లలు వేలాడేది అక్కడ. పెద్దయ్యాక ఊపిరి తీసుకునేదీ అక్కడే. ఆ పొరను ఎంత శ్రద్ధగా కాపాడాడన్న దాంట్లోనే పెంచేవాడి పనితనం తెలుస్తుంది.

మిష్రిఫ్ అనగానే కువైట్ తెలుగువాళ్ళకు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గుర్తొస్తాయి. పుస్తక ప్రదర్శన జరిగేది అక్కడ. కోవిడ్ కాలంలో మనవాళ్ళు వరసల్లో నిలబడి టీకా వేయించుకున్నదీ అక్కడే. మిగతాదంతా కువైటీ కుటుంబాల విల్లాలు, జమియా అనే సహకార దుకాణం, సాయంత్రాలు నడిచేవాళ్ళ బాట. ఆ విల్లాల్లో వంటకీ, బండి తోలడానికీ, పిల్లల్ని చూసుకోవడానికీ వచ్చినవాళ్ళలో రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపువాళ్ళు ఎంతోమంది. నేను చెప్పే తమ్ముడిది రాజంపేట పక్క. కువైట్ రాకముందు కొన్నాళ్ళు నెల్లూరు తీరంలో ఒక రొయ్యల హేచరీలో పని చేశాడు. ఇక్కడ ఇంటి యజమాని బాబా పిల్లల్ని బడిలో దించి, యజమానురాలు మామాను జమియాకు తీసుకెళ్ళి తెచ్చి, మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్న వేళ తన గదికి వస్తాడు. గదిలో మంచం, బీరువా, ఏసీ, ఒక బల్ల. బల్ల మీద 40 లీటర్లు పట్టే గాజు తొట్టి. అందులో సగం కూడా నీళ్ళు లేవు. పన్నెండు సెంటీమీటర్ల నీళ్ళు, ఆ పైన జానెడు గాలి.

ఫైటర్ మన కొరమేనుకు దూరపు చుట్టం. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమేను నీళ్ళలోంచి తీసి గంపలో వేసినా చాలాసేపు బతికే ఉంటుందని సంతకు వెళ్ళే ప్రతివాళ్ళకూ తెలుసు. మొప్పలు కాక, గాలి పీల్చుకునే అవయవం తలలో మరొకటి ఉండటమే దానికి కారణం. ఫైటర్‌కీ అలాంటిదే ఉంది. లాబిరింత్ అనే ఆ అవయవం మొప్పల పైన మడతలు మడతలుగా ఉండి, ఆ మడతల నిండా సన్నటి రక్తనాళాలు పరుచుకుని ఉంటాయి. చేప పైకొచ్చి గాలి గుటక వేసినప్పుడు ప్రాణవాయువు అక్కణ్ణుంచే నెత్తుట్లోకి చేరుతుంది. థాయ్‌లాండ్ వరిమళ్ళలో, గుంటల్లో, నిలవ నీళ్ళలో బతికే చేపకు అది లేకపోతే కుదరదు. అక్కడి జనం పందేల కోసం దీన్ని పెంచడం ఈనాటిది కాదు; కనీసం 1000 ఏళ్ళ కిందటే మనిషి చేతికి మచ్చికైందని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో డాక్టరుగా ఉన్న థియొడోర్ కాంటర్ 1849లో దీన్ని గురించి రాస్తూ మరో జాతితో కలిపేశాడు. 1910లో చార్లెస్ టేట్ రీగన్ ఆ చిక్కు విడదీసి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయ్‌లాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

బాబా చిన్నకొడుకు కొని తెచ్చుకున్న నీలం ఫైటర్‌తో ఈ ఇంట్లో కథ మొదలైంది. తోక విప్పితే పై అంచూ కింది అంచూ ఒకే గీత మీదికి వచ్చే హాఫ్‌మూన్ రకం అది. ఆ తోక మనిషి పనితనం. తోకలోని ఒక్కో పుల్ల రెండుగా, ఆ రెండూ నాలుగుగా, కొన్నిట్లో నాలుగూ ఎనిమిదిగా చీలడం వల్లే అది 180 డిగ్రీలు విచ్చుకుంటుంది. అలా చీలే గుణాన్ని తరం తర్వాత తరం ఏరుకుంటూ పోయినవాళ్ళ ఓపిక అందులో ఉంది. 1980లలో ఫ్రాన్స్‌లో గీ దెలవాల్ పెంచిన చేపల్లో ఈ రూపం కుదురుకుంది. 1990లలో ఇండోనేషియావాళ్ళు పుల్లల మధ్య పొరను తగ్గించి, పుల్లలు ముళ్ళలా బయటికి వచ్చే క్రౌన్‌టెయిల్ తీశారు. రెండూ గొప్పవే. మొదటిసారి బ్రీడింగ్‌కు మాత్రం నేనైతే ఆ రెండిట్లో దేన్నీ ఎంచుకోమని చెప్పను. అంత బరువైన తోకతో మగచేప ఆడదాన్ని చుట్టుకోవడమే కష్టం. తమ్ముడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నీలం చేప నాలుగుసార్లు పైకొచ్చి గాలి గుటక వేసి అలసిపోయి ఆకు మీద వాలిపోవడం చూసి తనే పట్టుకున్నాడు. సెలవు దొరికినప్పుడు అల్ రాయ్‌లోని శుక్రవారం సంతకు వెళ్ళి, పొట్టి రెక్కల ప్లకాట్ రకం మగదాన్ని, దానికి ఈడైన ఆడదాన్ని తెచ్చుకున్నాడు. రెండిటికీ ఆరు నెలలకు మించి వయసుండదు. అదీ సరైన ఎంపికే. ఏడాది దాటిన ఫైటర్లు బ్రీడింగ్‌కు అంతగా పనికిరావు.

తొట్టి తయారీలో అతను చేసిన పనులు చూడటానికి చాలా చిన్నవి. అడుగున ఇసుక, గులకరాళ్ళు వేయలేదు. ఫైటర్ గుడ్లు నీళ్ళలో మునుగుతాయి. రాళ్ళ సందుల్లో పడితే తండ్రికి దొరకవు. ఫిల్టరు ఆపేశాడు, ఎందుకంటే పైపొర కదిలితే గూడు చెదురుతుంది. టీ తాగే తెల్ల ఫోమ్ కప్పుని నిలువుగా రెండుగా కోసి, ఒక సగాన్ని నీటిమీద ఒక మూల టేపుతో అతికించాడు. మగచేప గూడు కట్టుకోవడానికి ఆ చిన్న చూరు చాలు. ఇంకో మూల నాచు గుబురుగా వేశాడు, తరిమినప్పుడు ఆడచేప దాక్కోవడానికి. ఊరినుంచి వచ్చినవాళ్ళ సామానులో తెప్పించుకున్న ఎండిన బాదం ఆకు ఒకటి వేశాడు. మన పల్లెల్లో విస్తళ్ళు కుట్టే అదే బాదం ఆకు. నీళ్ళలో నానేకొద్దీ అది టీ రంగు దిగుతుంది. ఆ రసం బూజుని కొంత అడ్డుకుంటుంది, కుళ్ళే ఆకు చుట్టూ పిల్లలకు తొలి మేతయ్యే కంటికి కనపడని జీవాలు పెరుగుతాయి. థాయ్‌లాండ్ పెంపకందారులూ ఇదే ఆకు వాడతారు.

నీళ్ళు తేవడం మాత్రం ఇక్కడ ఒక పెద్ద పని. కువైట్‌లో నది లేదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో తాగునీళ్ళు తెచ్చుకున్న ఊరిది. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని శుద్ధి చేసే కేంద్రం పెట్టాక ఆ కరువు తీరింది. ఆ నీళ్ళు ఇళ్ళ మీది ట్యాంకుల్లోకి ఎక్కుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం చన్నీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. అందుకని తెల్లవారకముందే బకెట్ నింపి, క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేసి, మూతపెట్టి గదిలోనే ఒక రోజు ఉంచుతాడు. పోసేముందు రెండు నీళ్ళలోనూ థర్మామీటర్ పెట్టి చూస్తాడు. అర డిగ్రీ తేడా ఉన్నా ఆగుతాడు. ఆ ఆగడం నాకు బాగా నచ్చింది.

ఆడచేపని నేరుగా వదల్లేదు. ప్లాస్టిక్ నీళ్ళసీసా అడుగు కోసి గొట్టంలా చేసి, దాన్ని తొట్టిలో నిలబెట్టి, అందులో వదిలాడు. పాత పెంపకందారులు ఇదే పనికి లాంతరు గాజు వాడేవాళ్ళు. మగది ఆడదాన్ని చూస్తుంది, అందుకోలేదు. చూసి మొప్పల మూతలు విప్పి, రెక్కలు బిగించి, ఒక చుట్టు తిరిగి, పనిలోకి దిగింది.

గూడు కట్టడం చూడాలంటే ముఖం తొట్టి అంచుకు ఆనించి, నీటి పొరకు సరిగ్గా కంటి ఎత్తులో ఉండాలి. మగచేప పైకొస్తుంది, మూతి గాలిలో పెట్టి ఒక గుటక తీస్తుంది. వెంటనే వదలదు. నోరు మూసి, రెండు మూడుసార్లు దవడలు కదిలించి, గాలికి నోట్లోని జిగురు పట్టిస్తుంది. అప్పుడు కప్పు చూరు కిందికి వెళ్ళి, తలెత్తి, ఒక బుడగ వదులుతుంది. ఒక్కోసారి మూడు నాలుగు కలిసి వస్తాయి. మామూలు నీటి బుడగ పైకొచ్చీ రాగానే పగిలిపోతుంది. ఇది పగలదు, పక్కదానికి అంటుకుంటుంది. మళ్ళీ గాలికి వెళ్తుంది. మళ్ళీ వస్తుంది. మొదటి వరస కప్పు గోడకు ఆనుకుని పరుచుకున్నాక రెండో వరసను దాని కింద దోపుతుంది, దాంతో పాత బుడగలు నీటి మట్టం కన్నా పైకి లేస్తాయి. అలా మధ్యలో దళసరిగా, అంచుల్లో పల్చగా, అరచేతిలో సగం వెడల్పున నురుగు గోపురం లేస్తుంది. ఒక చోట బుడగలు జారిపోతుంటే ఆగి, కిందినుంచి మూతితో నెట్టి, అక్కడ ఇంకో గుటక పోస్తుంది. గిజిగాడు పిట్ట గూడు అల్లి ఆడపిట్టను పిలిచినట్టే, ఇదీ ముందు ఇల్లు చూపించి తర్వాతే పిలుస్తుంది.

నేను కప్పుని కొంచెం వెలుతురు వైపు జరుపుదామని చెయ్యి చాచాను.

"చెయ్యి పెట్టగాకన్నా," అన్నాడు తమ్ముడు. "దానికేం గావాల్నో దానికి దెల్సు. మనం గాలి గదలకుండా జూస్తే సాలు."

ఏసీ రెక్కల్ని అట్టముక్కతో పక్కకు తిప్పి ఉంచింది అందుకేనని అప్పుడు గమనించాను. చల్లగాలి నేరుగా తొట్టి మీద పడితే గూడు అంచులు ఎండిపోయి విడిపోతాయి.

ఆడచేప ఒంటిమీద నిలువు చారలు తేలాయి. పొట్ట కింద గుడ్లు వచ్చే చోట తెల్లచుక్క ముందుకు పొడుచుకొచ్చింది. ఈ రెండూ కనపడితేనే సీసా తీయాలి. ఒంటిమీద అడ్డచారలు వస్తే అది భయం. అప్పుడు వదిలితే మగది కొరికి చంపేసినా చంపేస్తుంది. సీసా తీశాక కాసేపు తరుముడు, దాక్కోవడం, రెక్కలు చిరగడం మామూలే. ఆ తర్వాత ఆడచేప తల వంచుకుని గూడు కిందికి ఈదుకుంటూ వచ్చింది.

మగది ఒళ్ళు వంచి ఆడదాన్ని చుట్టేస్తుంది. దాని తల ఒకవైపు, తోక ఒకవైపు, మధ్యలో ఆడచేప. రెండూ నీటి మధ్యలో కదలకుండా కొన్ని క్షణాలు వేలాడతాయి. మొదటి కొన్నిసార్లు గుడ్లు రావు. పట్టు కుదరక విడిపోతాయి. మొదటిసారి చేసేవాళ్ళు ఇక్కడే కంగారుపడి ఏదో ఒకటి చేసి పాడుచేస్తారు. తమ్ముడు మంచం అంచున కూర్చుని కదల్లేదు. తర్వాతి కౌగిలిలో ఆవగింజకన్నా చిన్న తెల్ల గుడ్లు పది, పదిహేను రాలాయి. పట్టు విడవగానే ముందు మేల్కొనేది మగచేప. ఆడది ఇంకా పక్కకు ఒరిగి మత్తులో తేలుతుండగానే ఇది తలకిందులుగా దిగి, రాలుతున్న గుడ్లని గాల్లోనే అన్నట్టు నోటితో అందుకుంటుంది, అడుగుకు చేరినవాటిని ఒక్కోటీ ఏరుతుంది. నోటినిండా పట్టుకుని పైకి వెళ్ళి, గూడులో ఉమ్ముతుంది. ఉమ్మి, కింద ఇంకో నాలుగు బుడగలు అద్దుతుంది, గుడ్డు జారకుండా. మళ్ళీ కౌగిలి, మళ్ళీ ఏరడం. కొన్ని గంటలు ఇదే. అంతా అయ్యేసరికి గుడ్లు వందల్లో ఉంటాయి. 500 దాకా పెట్టే ఆడచేపలూ ఉన్నాయి.

గుడ్లు అయిపోగానే మగది ఆడదాన్ని గూడు దగ్గరికి రానివ్వదు. అప్పుడు ఆడచేపని తీసేయాలి, లేకపోతే అది గుడ్లు తింటుంది, ఇది దాన్ని కొరుకుతుంది. ఇక తండ్రి ఒక్కటే. దాదాపు మేత ముట్టదు. బూజు పట్టిన గుడ్డుని మాత్రం ఏరి మింగేస్తుంది, పక్కవాటికి పాకకుండా. తమ్ముడు రాత్రుళ్ళు తొట్టి పక్కన చిన్న బల్బు వెలిగించి ఉంచాడు. చీకట్లో గుడ్డు జారితే తండ్రికి కనపడదు. 28 డిగ్రీల నీటిలో ఒకటిన్నర రోజుకు గుడ్లు చిట్లాయి. 3 మిల్లీమీటర్లు కూడా లేని పిల్లలు, తోక కిందికి వేలాడేసుకుని, బుడగల కింద నిలువుగా అతుక్కుని ఉన్నాయి. ఇంకా ఈదడం రాదు. పట్టు తప్పి జారితే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతుంటాయి. తండ్రి ఒక్కోదాన్నీ నోట్లోకి తీసుకుని పైకి తెచ్చి, మళ్ళీ బుడగకు అంటిస్తుంది. ఒకదాన్ని అంటిస్తుండగా రెండు జారతాయి. విసుక్కోదు. ఈ రెండు మూడు రోజుల కాపలా చూసినవాళ్ళు దీన్ని పోట్లాట చేప అని మాత్రమే పిలవలేరు.

పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టగానే తండ్రిని తీసేయాలి. ఇక అది వాటిని పిల్లలుగా చూడదు. ఇక్కణ్ణుంచి బరువు మనిషిదే, ఈ వాతావరణంలో అసలు కష్టం ఇక్కడే. పుట్టిన పిల్లకు లాబిరింత్ ఉండదు. మొదట్లో ప్రాణవాయువంతా నీటినుంచే తీసుకుంటుంది. మూడో వారం అటూ ఇటూగా ఆ మడతలు ఏర్పడటం మొదలై, ఆరో వారానికి పనిలోకి వస్తాయి. అప్పుడు పిల్ల మొదటిసారి పైపొర దాటి గాలి మింగుతుంది. ఆ గాలి నీళ్ళంత వెచ్చగా, తడిగా ఉండాలి. థాయ్‌లాండ్‌లోనైతే ఆ గాలి దానంతటదే ఉంటుంది. కువైట్‌లో బయట 50 డిగ్రీల పొడి వేడి. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. లోపల రాత్రింబగళ్ళు తిరిగే ఏసీ గాలి, అదీ పొడిదే, పైగా చల్లటిది. ఎడారి ఎండలో చేపలకు హీటరు పెట్టాల్సి రావడం బయటివాళ్ళకు నమ్మశక్యంగా ఉండదు. ఏసీ గదిలో నీళ్ళు 22 డిగ్రీలకు పడిపోతే గుడ్లు నిలవవు. అతను చిన్న హీటరుని లోతు తక్కువ నీళ్ళలో పూర్తిగా మునిగేలా అడ్డంగా పడుకోబెట్టాడు. తొట్టి పైన వంటింట్లో వాడే ప్లాస్టిక్ పొరను బిగించి కట్టాడు, ఒక మూల వేలెడు సందు వదిలి. గంటలో ఆ పొర లోపలివైపు చెమర్చింది. చెమరిస్తే పనిచేస్తున్నట్టు. చెమ్మ ఆరిపోతే ఎక్కడో గాలి దూరుతున్నట్టు, వెతికి అంటిస్తాడు. మామా కూతురు ఆడుకుంటూ వచ్చి పొర ఎత్తబోతే "లా, హబీబ్తీ" అని నెమ్మదిగా ఆపి, పక్కనుంచి గాజులోంచి చూపించాడు.

మేత దగ్గర అతని పాత కొలువు పనికొచ్చింది. ఆంధ్ర తీరం పొడుగునా రొయ్యల హేచరీల్లో పిల్లలకు పెట్టేది ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవిని. ఎండుపొడిలా డబ్బాల్లో వచ్చే దాని గుడ్లను ఉప్పునీళ్ళలో వేసి, కిందినుంచి గాలి ఊదుతూ, వెలుతురు తగిలేలా ఉంచితే ఒక రోజులో నారింజ రంగు పిల్లలు లేస్తాయి. హేచరీలో టన్నుల నీళ్ళతో చేసిన పనిని ఇక్కడ కోలా సీసాలో చేశాడు. వెలుతురు వైపు చేరిన పిల్లల్ని సన్నగొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఉప్పు పోయేదాకా మంచినీళ్ళు పోసి కడిగి, చుక్కలు చుక్కలుగా వేస్తాడు. ఎక్కువ వేయడు. మంచినీళ్ళలో ఆర్టీమియా కొన్ని గంటలకు చచ్చిపోతుంది, మిగిలిందంతా కుళ్ళుతుంది. తొలి రోజుల్లో పిల్లల నోటికి అదీ పట్టదు, అప్పటికి బాదం ఆకు చుట్టూ పెరిగిన సూక్ష్మజీవాలే దిక్కు. తిన్నాయో లేదో తెలుసుకోవడానికి అతను భూతద్దం వాడతాడు. ఒళ్ళంతా గాజులా పారదర్శకంగా ఉన్న పిల్ల పొట్ట దగ్గర నారింజ చుక్క కనపడితే తిన్నట్టు. కనపడనివి ఎన్నో, ఏ మూల ఉన్నాయో చూసి, తర్వాతి చుక్క ఆ మూల వేస్తాడు. ఇంత దగ్గరగా చూసి మేత వేసేవాళ్ళని నేను పెద్ద ఫారాల్లో కూడా ఎక్కువ చూడలేదు.

అన్నీ బతకలేదు. వందల్లో పుట్టినవి ఆరో వారం దాటేసరికి పదుల్లోకి వచ్చాయి. మొదటి కాన్పులో అది మంచి ఫలితమే. చెన్నైలోని కొళత్తూరులో ఇంటి వెనక సిమెంటు తొట్లు కట్టుకుని రంగుచేపలు పెంచే కుటుంబాలు వందలున్నాయి. అక్కడ తరాలుగా చేస్తున్నవాళ్ళూ ప్రతి ఈతలో కొంత పోతుందని లెక్కేసుకునే దిగుతారు.

మూడో నెలలో మగపిల్లలు రెక్కలు విప్పి ఒకదాన్నొకటి బెదిరించడం మొదలుపెట్టాయి. ఒక్కోదాన్నీ ఒక్కో గాజుసీసాలోకి మార్చాలి, ప్రతి సీసాకూ విడిగా నీళ్ళు మార్చాలి, పక్కపక్క సీసాల మధ్య అట్టముక్క పెట్టాలి. ఇది చూడకుండా బ్రీడింగ్ మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడ చేతులెత్తేస్తారు. తమ్ముడు ముందే సంతలో ఒక దుకాణం అతనితో మాట్లాడి పెట్టుకున్నాడు. ఇంట్లో వంటామెకి ఒకటి, బాబా చిన్నకొడుక్కి రెండు ఇచ్చాడు. మిగిలినవాటిని వరసగా సీసాల్లో పెట్టి రోజూ చూశాడు. రంగు కన్నా ముందు ఒంటి వరస, తోక పుల్లలు ఎలా చీలుతున్నాయన్నది, గాలికి ఎంత తేలిగ్గా వస్తోందన్నది చూశాడు. చివరికి తండ్రి పొట్టి రెక్కలూ తల్లి ముదురు ఎరుపూ కలిసి దిగిన ఒక మగదాన్నీ, తోక పుల్లలు నాలుగుగా చీలిన ఒక ఆడదాన్నీ వేరు చేసి పెట్టుకున్నాడు. సంతలోని దుకాణం అతను ఆ రెండిటికీ మంచి ధర చెప్పాడు. తమ్ముడు ఇవ్వలేదు.